చుట్టుకి పన్నెండు మీటర్లు

ముప్పై ఏళ్ళు ఈల ఊది జీతం తీసుకున్నదాన్ని నేను. కాగితాల్లో వ్యాయామోపాధ్యాయురాలిని, పిల్లలకి పీఈటీ మేడమ్‌ని. ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన నలుగురు పీఈటీలు ఇంటికొచ్చి, మీరు గెలిపించిన జట్ల గురించి చెప్పండి మేడమ్ అని అడిగారు. గెలుపుల గురించి చెప్పడానికి బీరువాలో కప్పులున్నాయి, వాటినే అడగండి అన్నాను. వాళ్ళకి ఆ రోజు చెప్పింది నా తప్పు గురించి. మీరూ గ్రౌండులో నిలబడే ఉద్యోగంలోనే ఉంటే, టీ తాగుతూ ఇది చదవండి.

ఏలూరు అయిపోయాక, కొల్లేరు వైపు వెళ్ళే రోడ్డు మీద మొదటి చేపల చెరువు ఇంకా కనపడకముందే మా జిల్లా పరిషత్ హైస్కూలు. ఆ చోటుని పట్నమనలేం, పల్లె అనీ అనలేం. పిల్లల్లో సగం మంది ఏలూరు ఆఫీసుల్లో గుమాస్తాల పిల్లలు, పురోహితుల పిల్లలు, తివాచీలు నేసే ఇళ్ళవాళ్ళు. మిగతా సగం లంక గ్రామాల నుంచి బస్సుల్లో, ఆటోల్లో వచ్చేవాళ్ళు. వర్షాకాలంలో ఎవరి చెప్పులకి ఏ రంగు బురద అంటుకుందో చూసి ఎవరు ఎటు నుంచి వచ్చారో చెప్పగలిగేదాన్ని.

స్కూలు మొదట ఒక రైసు మిల్లు గోడౌనులో పెట్టారట. తర్వాత ఒక రైతు మూడెకరాలు రాసిస్తూ, ఆటస్థలంలో ఇటుక మీద ఇటుక పేర్చకూడదని షరతు పెట్టాడట. అందుకే గదులు చాలక వేపచెట్టు కింద లెక్కలు చెప్పిన రోజుల్లో కూడా మా గ్రౌండు గ్రౌండుగానే ఉండిపోయింది. కొల్లేరు పొంగిన ఏడాది లంకలవాళ్ళు గేదెలతో సహా వచ్చి తరగతి గదుల్లో తలదాచుకునేవారు. నీళ్ళు తీశాక పిల్లలూ మాస్టర్లూ కలిసి పారలు పట్టి గ్రౌండు చదును చేసుకునేవారు. అలా చదును చేసిన నేల మీద ఎంతమంది పరిగెత్తారో చెప్పడానికి ఆఫీసు గది పక్క వరండాలో ఒక బోర్డు ఉండేది. ఆకుపచ్చ రంగు మీద తెల్ల అక్షరాలతో స్కూలు రికార్డులు: పరుగు, పేరు, పట్టిన సమయం. ఇన్‌స్పెక్షనుకి ఎవరొచ్చినా హెడ్మాస్టరుగారు ముందు ఆ బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి, ఆ తర్వాతే కుర్చీ చూపించేవారు.

నేను అక్కడ చేరిన రోజున, బదిలీ అయి వెళ్ళిపోతున్న డ్రిల్లు మాస్టరుగారు గ్రౌండులో భూమిలోకి దిగేసి ఉన్న రెండు ఇనప మేకులు చూపించారు. ఆ రెండింటికీ తాడు కట్టి వంపులు గీసి సున్నం పోసుకుంటే రెండొందల మీటర్ల ట్రాక్ వచ్చేస్తుందమ్మా, ఇంకేం ఆలోచించక్కర్లేదు అన్నారు. నేను ఆలోచించలేదు. ట్రైనింగు కాలేజీలో టేపు పట్టుకుని రెండుసార్లు కొలిచాకే సున్నం చల్లాలని నేర్పారు. పరీక్షలో ఆ ప్రశ్నకి మంచి మార్కులు కూడా వచ్చాయి నాకు. అయినా ఏడేళ్ళపాటు ప్రతి దసరా సెలవుల తర్వాతా ఆ రెండు మేకుల్నే నమ్ముకుని సున్నం పోశాను.

ఎనిమిదో ఏట ఆ అమ్మాయి వచ్చింది. లంక గ్రామం పిల్ల. తండ్రి చేపల చెరువుల మీద వల లాగే పని చేసేవాడు. స్కూళ్ళ మధ్య జరిగిన పోటీల్లో చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుతుంటే చూశాను. వదిలేసి పరిగెత్తొచ్చు కదా అంటే, పోతాయండి అంది. అంత బరువు మోస్తూ కూడా మిగతా వాళ్ళకంటే ఒక చుట్టు ముందుంది. రెండు ఆదివారాలు వాళ్ళ ఊరు వెళ్ళి, తండ్రిని ఒప్పించి, మా స్కూలు పక్కనే ఉన్న వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంచి తొమ్మిదో తరగతిలో చేర్పించాను. ఈ పిల్ల రాష్ట్రానికి ఆడుతుందండి, ఆపైన స్పోర్ట్స్ కోటాలో చదువు, ఉద్యోగం అన్నీ వస్తాయండి అని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

మూడు వేల మీటర్లు ఆ అమ్మాయి పరుగు. మా ట్రాక్ మీద పదిహేను చుట్లు. రోజూ పొద్దున్నే గ్రౌండు చుట్టూ మంచు ఉండగానే వచ్చేది. డిసెంబరు వచ్చేసరికి పదకొండు నిమిషాల్లోపే పూర్తి చేస్తోంది. స్టాప్‌వాచీ చూసి నమ్మలేక మర్నాడు ఇంకోసారి పరిగెత్తించాను. అదే టైము. జిల్లాలో ఎవరికీ ఆ టైము లేదు. స్టాఫ్ రూములో చెప్పాను, ఏలూరులో తోటి పీఈటీలకి చెప్పాను, హెడ్మాస్టరుగారు బోర్డు మీద ఆ అమ్మాయి పేరు రాయించడానికి పెయింటరుని కూడా మాట్లాడారు. అసలు పోటీ ఇంకా జరగనే లేదు.

జిల్లా పోటీలు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ గ్రౌండులో. నాలుగొందల మీటర్ల ట్రాక్, ఏడున్నర చుట్లు. రైల్లో వెళ్తూ దెందులూరు దాటగానే అమ్మాయికి లెక్క వివరించాను. మన టైము ప్రకారం ఒక్కో చుట్టూ ఇన్ని సెకన్లలో అయిపోవాలి, ఒక్క సెకను కూడా వెనకపడకూడదు, గంట కొట్టగానే ఉన్నదంతా పెట్టి పరిగెత్తాలి అన్నాను. సరేనండి అంది. చెప్పింది చెప్పినట్టే చేసింది. ప్రతి చుట్టుకీ నేను టైము అరుస్తుంటే నా వంక చూసి, వెనకపడ్డట్టయితే అడుగు పెంచింది. ఆఖరి చుట్టు గంట కొట్టేసరికి మిగతా పిల్లలకంటే యాభై మీటర్లు ముందుంది.

ఆఖరి వంపులోకి అడుగు పెట్టగానే ఆ అమ్మాయి కాళ్ళు ఆగిపోయాయి. పడిపోలేదు. ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు నడకలోకి వచ్చేసింది. ముగ్గురు దాటి వెళ్ళిపోయారు. నాలుగో స్థానం. రాష్ట్రానికి వెళ్ళేది ఇద్దరే.

నేను చేసిన అసలు తప్పు ఆ తర్వాత చేశాను. తాడేపల్లిగూడెం స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, మా స్కూలు పిల్లలు ఇరవై మంది చుట్టూ ఉండగా, ఆ అమ్మాయితో అన్నాను: “నీకు కాళ్ళు ఉన్నాయి, ధైర్యం లేదు. ముందున్నావని చూసి భయపడిపోయావు.”

“లేదండి, కాళ్ళు రాలేదండి,” అంది.

“రోజూ వచ్చే కాళ్ళు ఇవాళ ఎందుకు రావు? అది భయం.”

బండి రాగానే ఆ అమ్మాయి ముందుగా ఎక్కేసింది. రైలు ఏలూరు చేరేదాకా కిటికీ లోంచి బయటికే చూస్తూ కూర్చుంది. మిగతా పిల్లలు ఆ పక్క సీటు ఖాళీగా వదిలేశారు. నాకు అదంతా కనపడుతూనే ఉంది, అయినా లేచి వెళ్ళి ఆ పక్కన కూర్చోలేదు.

మర్నాటి నుంచి ప్రాక్టీసుకి రాలేదు. శనివారం ఊరు వెళ్ళి, సోమవారం స్కూలుకీ రాలేదు. వాళ్ళ పిన్నిని అడిగితే, ఇంక అక్కడే ఉండిపోతుందంటండి, రొయ్యల షెడ్డులో పనుందంటండి అని నెమ్మదిగా చెప్పింది. బెంగగా ఉన్నా, నాలో నేను అనుకున్నాను, ఓడిపోయినందుకు ఇంత పంతం ఏమిటి అని.

మా లెక్కల మాస్టరుగారికి పాఠం పుస్తకంలోంచి చెప్తే తృప్తి ఉండేది కాదు. ఆ వారంలోనే పదో తరగతికి వృత్తపు చుట్టుకొలత చెప్తూ పిల్లల్ని గ్రౌండుకి తీసుకెళ్ళి, టేపు ఇచ్చి మా ట్రాక్ కొలిపించారు. పిల్లలందరికీ ఒకే జవాబు, అదీ తప్పు జవాబు వచ్చింది. ఆయన స్వయంగా కొలిచారు. ఆ సాయంత్రం స్టాఫ్ రూములో నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ఏమీ అనుకోకండి మేడమ్,” అన్నారు. “మీ ట్రాక్ రెండొందలు లేదండి. నూట ఎనభై ఎనిమిది.”

ఇద్దరం కలిసి మళ్ళీ కొలిచాం. మూడోసారి కూడా కొలిచాం. చుట్టుకి పన్నెండు మీటర్లు తక్కువ. మమ్మల్ని చూస్తూ నిలబడ్డ అటెండరు, ఆయన ఆ స్కూల్లోనే చదివి ఆ స్కూల్లోనే చేరినవాడు, సంగతి చెప్పాడు. ఎప్పుడో రోడ్డు వెడల్పు చేసినప్పుడు గ్రౌండు కొంత పోయిందట. ముళ్ళకంచె పోయి ప్రహరీగోడ వచ్చింది. గోడ అడ్డం రావడంతో అప్పటి డ్రిల్లు మాస్టరుగారు ఒక మేకు పీకి ఆరు మీటర్లు ఇవతలికి దిగేశారు. రెండు తిన్నని వైపులా ఆరేసి మీటర్లు పోయాయి. ఆయన ఎవరికీ చెప్పలేదో, చెప్పినా ఎవరూ వినలేదో తెలియదు. ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరం ఒకరి తర్వాత ఒకరం ఆ మేకుల్నే నమ్మాం.

లెక్కల మాస్టరుగారు కాగితం మీద వేసి చూపించారు. మూడు వేల మీటర్లని నేను పరిగెత్తించింది నిజానికి నూట ఎనభై మీటర్లు తక్కువ. ఆ దొంగ టైము చూసి తాడేపల్లిగూడెంలో ఆ అమ్మాయిని చుట్టుకి ఐదారు సెకన్లు ఎక్కువ వేగంతో పరిగెత్తమన్నాను. ఆ అమ్మాయి కాళ్ళు ఆగిపోయిన చోటు నుంచి గీత దాకా ఎంత దూరమో చెప్పండి అని అడిగారు. దాదాపు ఆ నూట ఎనభై మీటర్లే. ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

“ఆ రోజు ఆ పిల్ల తన జీవితంలో ఎప్పుడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తిందండి,” అన్నారాయన. “మీరు అడిగారని.”

హెడ్మాస్టరుగారికి చెప్పాను. ఆయన మంచివారు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవారు కాదు. కానీ మరో పది రోజుల్లో స్కూలు స్వర్ణోత్సవం. పూర్వ విద్యార్థులంతా వస్తున్నారు. ఉత్సవ కమిటీకి అధ్యక్షుడుగా ఉన్న పెద్దాయన పేరు పదిహేను వందల మీటర్లకి మా బోర్డు మీద ఉంది. ఆయనకి పెద్ద పెద్ద చేపల చెరువులున్నాయి, అయినా పరిచయం చేసుకునేటప్పుడు ముందు చెప్పుకునేది ఆ రికార్డే. ఆ బోర్డు మీదివన్నీ పొట్టి ట్రాక్ మీద పరుగులని ఇప్పుడు చెప్తే ఏమవుతుందో ఆలోచించండి, పది రోజులు ఆగలేరా మేడమ్ అని హెడ్మాస్టరుగారు బతిమాలారు. ఆయన ముఖం చూసి సరేనన్నాను.

కానీ ఆదివారం లంకకి వెళ్ళకుండా ఉండలేకపోయాను. బస్సు దిగి, గుర్రపుడెక్క పక్కకి తోసుకుంటూ వెళ్ళే పడవెక్కి వాళ్ళ ఊరు చేరాను. తండ్రి గట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన ఆడవాళ్ళు చేపలు వేరుచేస్తున్నారు, వాళ్ళలో అమ్మాయి కూడా ఉంది. నన్ను చూసి లేచింది గానీ దగ్గరికి రాలేదు.

తప్పు అమ్మాయిది కాదని, మా ట్రాక్ పొట్టిదని, కొలుచుకోని తప్పు నాదని ఆయనకి చెప్పాను. నాకు వచ్చిన భాషలో వివరించాను, అంకెలతో సహా. ఆయన సూది ఆపి అంతా విన్నాడు.

“మేం వల దింపేముందు కర్రేసి లోతు సూసుకుంటామండి,” అన్నాడు. కోపంగా కాదు, తెలియక అడుగుతున్నవాడిలా అన్నాడు. నాకు అంతకంటే ఎవరైనా గట్టిగా తిట్టి ఉంటే బావుండేదనిపించింది.

అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చింది.

“నేను భయపడ్డానన్నారండి,” అంది.

“అన్నాను.”

“భయపడలేదండి.”

“లేదమ్మా. నువ్వు భయపడలేదు.”

“స్టేషన్లో అందరి ముందూ అన్నారు.” నా వంక చూడకుండా, చెరువు వైపు చూస్తూ అడిగింది: “ఇదీ అందరి ముందూ సెప్తారాండి?”

హెడ్మాస్టరుగారికి ఇచ్చిన మాట గుర్తుంది నాకు. ఉద్యోగం, మెమోలు, పది రోజులు, అన్నీ గుర్తున్నాయి. ఆ అమ్మాయికి అడిగే హక్కు ఉందన్నది వాటన్నిటికంటే పెద్దగా కనపడింది. రేపు పొద్దున ప్రేయర్లో చెప్తాను, వస్తావా అన్నాను. ఆమె తండ్రి వంక చూసింది. ఆయన మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంటూ, మొదటి బస్సుకి వత్తాం లెండి అన్నాడు.

సోమవారం పొద్దున ప్రతిజ్ఞ అయిపోయాక మైకు తీసుకున్నాను. రోజూ ఆ మైకులో అరిచేదాన్నే, ఆ రోజు మాత్రం గొంతు లేవలేదు. వెనక వరసలవాళ్ళు వినపడట్లేదండి అన్నారు. రెండోసారి మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది. మన ట్రాక్ పన్నెండు మీటర్లు తక్కువ, నేను కొలవలేదు, తాడేపల్లిగూడెంలో ఈ అమ్మాయి ఓడిపోలేదు, నేను ఓడించాను, పైగా భయపడ్డావని నింద వేశాను, మీరందరూ విన్నారు కాబట్టి ఇదీ మీరందరూ వినాలి అన్నాను. అమ్మాయి తొమ్మిదో తరగతి వరసలో తలొంచుకుని నిలబడింది. గేటు బయట తువ్వాలు భుజాన వేసుకుని వాళ్ళ నాన్న. ప్రేయరు అయిపోయాక పిల్లలు తరగతులకి నడుస్తుంటే, రైల్లో పక్క సీటు వదిలేసిన పిల్లల్లో ఒకతె వెళ్ళి ఆ అమ్మాయి సంచి అందుకుంది. నాన్న అది చూసి, ఒక్కడే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

హెడ్మాస్టరుగారు మూడు రోజులు నాతో మెమో కాగితాల ద్వారానే మాట్లాడారు. ఆ సోమవారం మధ్యాహ్నానికల్లా సంగతి తెలిసి అధ్యక్షుడుగారు కారులో వచ్చేశారు. నేను టేపు తీసుకుని గ్రౌండులో నిలబడ్డాను, ఆయన తిడితే కనీసం చేతిలో ఏదో ఒకటి ఉండాలని. ఆయన టేపు రెండో కొస తనే పట్టుకున్నారు. అరవై దాటిన మనిషి వంగుని, చుట్టంతా కొలిచారు. ఆయన కాలానికి గోడ లేదేమోనండి, అది తేల్చే కాగితం కూడా స్కూల్లో లేదండి అని అటెండరు ఆశగా అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపారు.

“ఆ గోడకి ఇటుకలు మోసినవాళ్ళలో నేనొకణ్ణయ్యా,” అన్నారు. “ఆ తర్వాతి ఏడాదే పరిగెత్తాను.” కాసేపు మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, కారెక్కి వెళ్ళిపోయారు. అది చూసి హెడ్మాస్టరుగారు స్వర్ణోత్సవం ఆగిపోయిందనే అనుకున్నారు.

ఆగలేదు. స్వర్ణోత్సవం నాడు ఉపన్యాసాలు అయ్యాక అధ్యక్షుడుగారు మైకులో, పదిహేను వందల మీటర్లలో నాకు ఇంకా తొంభై మీటర్లు మిగిలిపోయాయి, ఇప్పుడు పరిగెత్తుతాను, బోర్డు మీద పేరున్న వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళూ రండి అన్నారు. పంచె ఎగ్గట్టి కిందికి దిగారు. ఆయన వెనక ఒక బ్యాంకు మేనేజరు, ఒక పాల వ్యాపారి, మనవడిని చంకలోంచి దింపి ఒక నానమ్మ. మొత్తం పదకొండు మంది. వాళ్ళకి ఈల ఊదే పని ఆ అమ్మాయికి ఇచ్చాను. పరుగో నడకో తెలియని ఆ తొంభై మీటర్లకి స్కూలంతా చప్పట్లు కొట్టింది. బోర్డు చెరపలేదు. కింద ఒక వాక్యం రాయించారు, ఆ వాక్యం కూర్చడానికి హెడ్మాస్టరుగారికి రెండు రోజులు పట్టింది. ఈ సమయాలన్నీ నూట ఎనభై ఎనిమిది మీటర్ల చుట్టు మీద నమోదైనవి అని. కొత్త మేకులకి చోటు లేదు కాబట్టి మేం ఆ ట్రాక్ మీదే మూడు వేల మీటర్లకి పదహారు చుట్లు, అందులో ఎనిమిది మీటర్లు తక్కువగా పరిగెత్తడం మొదలుపెట్టాం.

ఆ అమ్మాయి ఇప్పుడు పోలీసు కానిస్టేబులు. దేహదారుఢ్య పరీక్షలో పరుగు తనకి చాలా చిన్నదిగా అనిపించిందండి అని ఫోనులో చెప్పింది. రాష్ట్రస్థాయిలో పతకం రాలేదు. ఒకసారి ఆరో స్థానం, ఒకసారి తొమ్మిది. నేను వాళ్ళ నాన్నకి చెప్పిన గొప్పలన్నీ జరగలేదు, కొన్ని జరిగాయి.

అయితే నాకు ఎక్కువగా గుర్తుకొచ్చేది ఆ మరుసటి ఏడాది జిల్లా పోటీలు. మళ్ళీ తాడేపల్లిగూడెమే. ఈసారి వాళ్ళ నాన్న వచ్చాడు. ఆడపిల్లల మధ్య నిలబడటం ఇబ్బందై నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ప్రతి చుట్టుకీ ఒకే ప్రశ్న, ఇంకెన్ని సుట్లండి అని. నేను అమ్మాయికి టైము అరవలేదు. నీ కాళ్ళకి తెలిసినట్టు పరిగెత్తు అని మాత్రం ముందే చెప్పి ఊరుకున్నాను. ఆఖరి వంపులో మూడో స్థానంలో ఉంది. వంపు మధ్యలో ఒకమ్మాయిని దాటింది. మొదటి పిల్లని అందుకోలేదు. ఆ పిల్ల భీమవరం వైపు నుంచి వచ్చింది, నిజంగానే మంచి పరుగు. మా అమ్మాయి రెండో స్థానంలో గీత దాటి, గడ్డి మీద పడుకుని ఆకాశం వంక చూస్తూ నవ్వుకుంది.

“అయిపోయిందాండి?” అన్నాడు వాళ్ళ నాన్న.

“అయిపోయిందండి. రాష్ట్రానికి వెళ్తుంది.”

ఆయన కళ్ళు తుడుచుకుంటాడనుకున్నాను. తుడుచుకోలేదు. మొదటొచ్చిన పిల్లని చూపించి, ఆ పిల్లకి ఎవరూ రాలేదాండి అని అడిగాడు. వాళ్ళ పీఈటీ వేరే పోటీ దగ్గర ఉన్నాడు. ఆ పిల్ల ఒక్కతే ఎండలో కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. ఆయన సంచిలోంచి క్యారేజీ తీశాడు. కూతురి దగ్గరికి వెళ్ళి లేవదీసి, ఆ పిల్ల దగ్గరికి నడిపించుకెళ్ళాడు. ముగ్గురూ నీడలోకి జరిగారు. ఆయన మూత తీసి, అన్నం కలిపి, మొదటి ముద్ద గెలిచిన పిల్లకి పెట్టాడు.